కేసు ఎవరికిచ్చారు?

పోయినేడాది నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అశోక్‌నగర్‌లోని మా ఇంటికి ఆటో దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో చేయించుకున్నాను. బల్లమీద పడుకోబెట్టి మొహమంతా పచ్చగుడ్డ కప్పేశాక ఇక మనకు మిగిలేవి చెవులే. "లైటువంకే చూస్తూ ఉండండమ్మా, కదలకండి" అంటోంది సర్జను. ఆవిడ గొంతులో ఏ తొందరా లేదు. కాసేపయ్యాక అదే గొంతు పక్కకు తిరిగి "ఇక్కణ్ణుంచి నువ్వు చెయ్యి, నేను చూస్తున్నాగా" అంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఇంకో ఆడగొంతు, బాగా చిన్నది, "సరే మేడమ్" అంది.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. నా కంట్లో ఎవరో పాఠం నేర్చుకుంటున్నారు! నన్ను అడగనైనా అడగలేదు. ఆ భయం పక్కనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకావిడ లేచి కుర్చీ ఇస్తోంది, ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటోంది. మా పిన్ని రెండేళ్ళపాటు ఎదురుచూసిన కుర్చీ అది. గుడ్డకింద కదలకుండా పడుకుని నేను ఏకకాలంలో భయపడుతూ, సంతోషపడుతూ ఉన్నాను. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో ఆ తర్వాత చాలారోజులు ఆలోచించాను. నేను వైద్యురాల్ని కాదు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అందుకని నాకు చేతనైన పద్ధతిలో, అంటే వెనక్కి వెళ్ళి, ఆలోచించాను.

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకు కాస్త దూరంలో, ఒక సందులో, మా పిన్ని కంటి క్లినిక్ ఉండేది. ముప్ఫై ఏళ్ళకు పైగా నడిపింది. గోడకి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాల చార్టులు, ఒక చీకటిగది, ఒక లెన్సుల పెట్టె. ఆ చుట్టుపక్కల రెండు తరాలవాళ్ళకు కళ్ళద్దాలు రాసిన మనిషి. అందరూ ఆమెను "అద్దాల డాక్టరమ్మ" అనేవాళ్ళు. శుక్లం ముదిరిందని తేలితే చీటీ రాసి వేరే ఆసుపత్రికి పంపేది. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు. ఆడడాక్టరు చూస్తుంది, మగడాక్టరు కోస్తాడు, అంతే అనుకున్నాను. పిన్నికి ఉన్న డిగ్రీ పేరులోనే 'మెడిసిన్ అండ్ సర్జరీ' అని ఉందన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆ బోర్డు సరిగ్గా చదివినప్పుడు గానీ తట్టలేదు.

నా ఆపరేషన్ తర్వాత చూడడానికి వచ్చినప్పుడు అడిగాను. "నువ్వెన్ని చేశావు పిన్నీ?"

"కేసులివ్వలేదే" అంది. అంతే.

'కేసు ఇవ్వడం' అన్నది ఆపరేషన్ థియేటర్ల భాష. సీనియరు లేచి తన కుర్చీని, కత్తిని, రోగి కంటిని నేర్చుకునేవాళ్ళకి అప్పగించడాన్ని అలా అంటారు. పుస్తకం ఎవరైనా కొనుక్కోవచ్చు, పరీక్ష ఎవరైనా రాయొచ్చు. కేసు మాత్రం ఇంకొకరు ఇవ్వాల్సిందే. శస్త్రచికిత్స చదువులో ఉన్న మెలికంతా ఈ క్రియాపదంలోనే ఉంది.

పిన్ని దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. 1970ల్లో డిప్లొమా చదివిన రెండేళ్ళలో థియేటర్లో తాను ఉన్న ప్రతి ఆపరేషనూ రాసుకుంది. రోగి వయసు, ఏ కన్ను, పక్కన ఒక అక్షరం. 'చూ' అంటే చూశాను. 'సా' అంటే సాయం చేశాను. 'చే' అంటే చేశాను. పేజీలకు పేజీలు 'చూ'. రెండో ఏడుకి 'సా'లు పెరిగాయి. 'చే' పదకొండుచోట్ల కనబడింది. వాటిలోనూ ఏడింటిపక్కన బ్రాకెట్లో 'సగం' అని ఉంది. అంటే మొదలుపెట్టాక సీనియరు చెయ్యి అడ్డంపెట్టి "లే, నేను చూసుకుంటా" అన్నవి. మిగిలిన నాలుగింటినీ లెక్కపెడుతుంటే పిన్ని ఆ నాలుగు కళ్ళూ ఎవరివో చెప్పింది. నలుగురూ అరవై దాటిన పల్లెటూరి ఆడవాళ్ళు. ఒకామెకు రెండోకన్ను అప్పటికే పోయింది.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు దస్తావేజుల్లో లేని ఆడవాళ్ళను వాళ్ళ నోటిమాటల్లో వెతకాలని మాకు తెలిసింది. ఇక్కడ మాటతోపాటు కాగితం కూడా ఉంది. ఇప్పటి ఎమ్మెస్ విద్యార్థులు నింపే లాగ్‌బుక్కుల్లోనూ ఇవే గడులుంటాయి: చూసినవి, సాయపడ్డవి, పర్యవేక్షణలో చేసినవి, స్వతంత్రంగా చేసినవి. కాలేజీల్లో పరీక్షలయ్యాక అవి అటకెక్కుతాయి. ఎవరైనా స్త్రీలచరిత్ర పరిశోధకురాలు వాటి దుమ్ము దులిపితే బాగుండునని నాకు ఆశ.

ఈ చదువుకి 'రెసిడెన్సీ' అని పేరు. హైదరాబాదు వాళ్ళకు ఆ మాట వినగానే కోఠీలో ఇంగ్లీషు దొరగారు కాపురమున్న భవంతి గుర్తొస్తుంది, 1949లో ఆడపిల్లల కాలేజీ చేరిన ఆ స్తంభాల మేడ. డాక్టర్ల రెసిడెన్సీ ఇంకో దేశంనుంచి వచ్చింది. అమెరికాలో 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అనే సర్జను ఈ పద్ధతికి రూపమిచ్చాడు. నేర్చుకునేవాడు ఏళ్ళతరబడి ఆసుపత్రిలోనే నివాసముండాలి, బాధ్యత మెట్టుమెట్టుగా పెరగాలి. పెళ్ళీ సంసారమూ ఉన్నవాడు ఆ బతుక్కి పనికిరాడనే అనుకునేవాళ్ళు. అదే హాప్కిన్స్‌లో మెడికల్ కాలేజీ కట్టడానికి డబ్బు చాలకపోతే మేరీ గారెట్, ఆమె స్నేహితురాళ్ళు పోగుచేసి ఇచ్చారు. ఆడవాళ్ళని మగవాళ్ళతో సమానంగా చేర్చుకోవాలని షరతు పెట్టారు. 1893లో ఆ షరతుమీదే కాలేజీ తెరిచింది. గడప స్త్రీల సొమ్ముతో లేచింది. లోపల గదులు మాత్రం ఇంటిపని లేని మగవాడి కొలతకి కట్టారు. డ్యూటీ వేళలు, సెలవులు, ఎక్కడ పడుకోవాలి, ఎవరు వండిపెడతారు, వీటన్నిటిలో ఆ కొలత ఇంకా ఉంది.

మన ఊళ్ళో కథ ఇంకాస్త ముందే మొదలైంది. 1846లో పెట్టిన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో, ఎడ్వర్డ్ లారీ పెద్దగా ఉన్నప్పుడు, 1885లో ఆడపిల్లలను చేర్చుకున్నారు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకామె. 1889లో హకీం పట్టా పుచ్చుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా ఇప్పుడు ఆమె పేరు చెప్పుకుంటున్నాం. నిజాం ఖర్చుతో 1888లో, 1889లో జరిగిన క్లోరోఫాం పరిశోధనల కాలం అది. తర్వాత 1909లో ఎడింబరోకి వెళ్ళి చదువుకుంది కూడా. గొప్ప సంగతే. అయితే ఆమె నిలబడింది బల్లకి తలవైపున. కత్తి ఉన్నవైపు లారీదొర ఉన్నాడు. ఆడదానికి మత్తివ్వడం అప్పగించడానికీ కత్తి అప్పగించడానికీ మధ్య దూరం ఎంతో, ఆ బొమ్మ నాకు చెబుతుంది. పురుళ్ళగది ఒక్కటే మినహాయింపు. అక్కడ ఆడడాక్టరు కోయొచ్చు, ఎందుకంటే మగడాక్టరు లోపలికి రాకూడదు. మద్రాసులో 1875లో మేరీ షార్లీబ్‌ని వైద్యం చదవనిచ్చిందీ, మన కొమర్రాజు అచ్చమాంబగారిని ప్రసూతివైద్యురాలిగా ఊరూరా ఎరిగేలా చేసిందీ ఆ మినహాయింపే. కంటికి పరదా లేదు. అందువల్ల కంటివైద్యంలో ఆడవాళ్ళ అవసరం ఎవరికీ కనబడలేదు. మద్రాసు కంటి ఆసుపత్రి 1819 నాటిది, లండన్‌లో 1805లో పెట్టిన మూర్‌ఫీల్డ్స్ తర్వాత ప్రపంచంలో అంత పాతవి అరుదు. రెండు శతాబ్దాల ఆ పేరుప్రతిష్ఠల్లో మనకు గుర్తుండేవి ఇలియట్ లాంటి దొరల పేర్లే.

మా పిన్ని కంటివైద్యం దాకా రావడానికి నారాయణగూడ కారణం. అక్కడి ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను 1928లో మాడపాటి హనుమంతరావుగారు పెట్టారు. నిజాం రాజ్యంలో పైచదువులు ఉర్దూలో నడిచే రోజులు. ఉస్మానియాలో డాక్టరీ కూడా ఉర్దూలోనే చెప్పేవారు. తెలుగులో చదివిన ఆడపిల్లలకు ఇక్కడ మెట్రిక్ గుర్తింపు దొరక్క, ఆ బడిని పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. నారాయణగూడలో తెలుగు నేర్చుకుని పూనావాళ్ళ పరీక్ష రాయడమన్నమాట! పిన్ని చేరేనాటికి ఆ ఇబ్బందులు తీరాయి. బడి తర్వాత ఆ పక్కనే 1954లో పెట్టిన రెడ్డి మహిళా కళాశాల, ఆ తర్వాత బషీర్‌బాగ్‌లో గాంధీ మెడికల్ కాలేజీ. అదీ 1954లోనే హుమాయూన్‌నగర్‌లో మొదలై, కొన్నేళ్ళకు బషీర్‌బాగ్‌కి వచ్చి, 2003లో ముషీరాబాద్‌కి తరలిపోయింది. ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో బడీ, కాలేజీ, డాక్టరీ చదువూ ఉండడం ఎంత ముఖ్యమో మగవాళ్ళు రాసే విద్యాచరిత్రల్లో ఉండదు. "బస్సెక్కాలంటే మా నాన్న మాన్పించేవాడే" అని పిన్ని ఇప్పటికీ అంటుంది. ఆమెను డాక్టరుని చేసింది సగం తెలివి, సగం ఆ మైలున్నర దూరం.

పీజీ వంతు వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు 'కళ్ళు' అన్నారు. ఆడపిల్లకు నాజూకు పని, రాత్రుళ్ళు పరిగెత్తక్కర్లేదు, ఇంటికిందే క్లినిక్ పెట్టుకోవచ్చు. ఈ మాటలు ఈనాటికీ మారలేదు. సన్నటి వేళ్ళకు సున్నితమైన పని అన్న పొగడ్త, వంటా కుట్టుపనీ ఆడవాళ్ళకే రాసిపెట్టి ఉన్నాయన్న మాటకు చెల్లెలు. విచిత్రమేమిటంటే ఆ నాజూకు వేళ్ళకి సూదీ దారమూ ఇచ్చినంత సులువుగా కత్తి ఇవ్వరు.

1970ల కంటి ఆపరేషన్ ఇప్పటిదానికి పూర్తిగా వేరు. నల్లగుడ్డు అంచున సగం చుట్టూ కోసి, మసకబారిన కటకాన్ని దాని సంచితో సహా లాగేసేవాళ్ళు. పోలండ్‌లో 1961లో కనిపెట్టిన క్రయో పరికరంతో కటకాన్ని గడ్డకట్టించి అంటించి తీయడం అప్పటి ఆధునికత. తర్వాత కుట్లు. తలకి అటూఇటూ ఇసక సంచులు పెట్టి రోజులకొద్దీ పడుకోబెట్టేవారు. కటకం లేని కంటికి పది నంబరు పవరున్న సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి పగిలితే మనిషి మళ్ళీ గుడ్డిదే. హెరాల్డ్ రిడ్లే 1949లోనే లండన్‌లో మొదటి కృత్రిమ కటకం అమర్చాడు గానీ, అది మన బీదల కంటిదాకా రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఈ ఆపరేషన్లలో పెద్దవాటా శిబిరాల్లో జరిగేది. స్కూళ్ళలో, సత్రాల్లో, గుడారాల్లో. మన రాష్ట్రంలో శిబిరమంటే ముందు డాక్టర్ పి. శివారెడ్డిగారి పేరే చెబుతారు. మద్రాసులో చదివి, సరోజినీదేవి కంటి ఆసుపత్రిని పెంచి పెద్దచేసి, 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ అందుకున్న మనిషి. వేలమందికి చూపిచ్చిన కృషి అది, అందులో నాకు సందేహం లేదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో వచ్చాక శిబిరాలు ఇంకా పెరిగాయి. పిన్ని చదివింది ఆయన దగ్గర కాదు, వేరే బోధనాసుపత్రిలో. ఆమె మాటల్లో వింటే శిబిరానికి ఇంకో మొహం కనబడుతుంది. ఆసుపత్రి థియేటర్లో రోజుకు నాలుగో అయిదో కేసులు. శిబిరంలో ఒక్కరోజులో డెబ్భై, ఎనభై. పీజీలకి చేతులు తిరిగేది అక్కడే. "మొదటి రెండు శిబిరాలకు పేరు రాసిచ్చాను" అంది పిన్ని. "జీపులో జాగా లేదన్నారు. ఆడపిల్లవి, రాత్రి ఎక్కడ పడుకుంటావన్నారు. అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదన్నారు. అవన్నీ నిజమే. నిజం కాబట్టి ఏమీ అనలేకపోయాను."

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎవరూ ఆమెను అవమానించలేదు, చెడ్డగా మాట్లాడలేదు, మంచికోసమే ఆపారు. ఆమెతోపాటు చేరిన అబ్బాయిలు జీపెక్కి వెళ్ళి, సోమవారం నాటికి యాభై కళ్ళ అనుభవంతో తిరిగొచ్చారు. అవుట్ పేషెంట్లను చూడడానికి ఎవరో ఉండాలి కదా, పిన్ని ఉంది. పవర్లు చూడడంలో ఆమెకు సాటి లేదని పేరు కూడా వచ్చింది. రెండేళ్ళయ్యేసరికి "అతను సర్జను, ఈమె రిఫ్రాక్షన్లో మంచిది" అన్నది వాళ్ళ వాళ్ళ స్వభావాల్లా కనబడడం మొదలైంది. ఒక మరుగుదొడ్డి లేకపోవడం ఒక మనిషి ప్రతిభగా ఎలా మారుతుందో చూడండి.

ఇది మన వెనకబాటుతనం వల్లే అనుకుంటే పొరపాటు. మరుగుదొడ్లకి కొరతలేని అమెరికాలో ఈమధ్య లెక్కతీశారు. 24 శిక్షణ కేంద్రాల్లో 2005 నుంచి 2017 దాకా చదివిన 1271 మంది కంటి రెసిడెంట్ల లాగ్‌లు చూశారు. చదువు ముగిసేలోగా మగవాళ్ళు సగటున 176.7 శుక్లం ఆపరేషన్లు చేస్తే ఆడవాళ్ళు 161.7 చేశారు. ఈ అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో నన్ను ఎక్కువ తొలిచిన సంగతి వేరే ఉంది. బిడ్డ పుట్టాడని సెలవు పెట్టిన మగరెసిడెంట్లు, పెట్టని మగవాళ్ళకంటే సగటున 27 కేసులు ఎక్కువే చేశారు. కాన్పుసెలవు తీసుకున్న ఆడవాళ్ళ లెక్క తీసుకోనివాళ్ళ లెక్కతో సమానంగానే ఉంది. అంటే కొరతకి కారణం కాన్పు కాదు! మన పెద్దలు దశాబ్దాలుగా ఇస్తున్న సంజాయిషీ అదొక్కటే.

అదే అమెరికాలో ప్యాట్రీషియా బాత్ కథ తెలిసినవాళ్ళు తెలుగులో తక్కువ. కంటివైద్యంలో రెసిడెన్సీ పూర్తిచేసిన తొలి ఆఫ్రికన్ అమెరికన్, న్యూయార్క్‌లో, 1973లో. ఆ చదువు మధ్యలోనే కూతుర్ని కంది. 1975లో లాస్ ఏంజలస్‌లోని కంటి సంస్థలో అధ్యాపకురాలిగా చేరిన తొలి మహిళ అయితే, ఆమెకు చూపించిన గది నేలమాళిగలో, ప్రయోగాల జంతువుల పక్కన. అక్కర్లేదని చెప్పి వేరే గది తీసుకుంది. 1983లో ఒక కంటి రెసిడెన్సీ శిక్షణకే అధిపతి అయింది, ఆ దేశంలో మొదటిసారి ఒక స్త్రీ. శుక్లాన్ని లేజర్‌తో కరిగించి తీసే పరికరానికి 1988లో పేటెంట్ పొందింది. కత్తి పట్టడం, పట్టనివ్వడం, కొత్త కత్తి తయారుచేయడం, మూడూ చేసిన మనిషి. మూడిట్లో నాకు రెండోదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

మళ్ళీ పిన్ని దగ్గరికి. డిప్లొమా తర్వాత ఎక్కడైనా సర్జరీ నేర్చుకోవాలనుకుంది. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అత్తగారి పక్షవాతం, ఈ వరస పాఠకులకు కొత్తేమీ కాదు, వదిలేస్తున్నాను. 1987లో బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వచ్చింది. దేశమంతటినుంచీ శిక్షణకోసం హైదరాబాదు రావడం మొదలైంది. సంచి మిగిల్చి కటకం తీసి కొత్తది అమర్చే పద్ధతి, తర్వాత కుట్టు అక్కర్లేని చిన్నకోత, ఆ తర్వాత ఫాకో. ప్రపంచబ్యాంకు అప్పుతో 1994 నుంచి 2002 దాకా ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల పథకంలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గుడారాల ఆపరేషన్లు తగ్గి రోగులను ఆసుపత్రులకు తీసుకొచ్చే పద్ధతి బలపడిన కాలం అది. పనిముట్టు మారినప్పుడల్లా పాతసర్జన్లు మళ్ళీ విద్యార్థులయ్యారు, వాళ్ళకి మళ్ళీ కేసులిచ్చారు. అయితే అప్పటికే సర్జను అయినవాళ్ళకే. చిక్కడపల్లి సందులో అద్దాలు రాసే నలభై ఏళ్ళ ఆడమనిషిని ఆ వరసలో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె కూడా అడగలేదు. "ఎందుకడగలేదు?" అంటే, "చేతులు వణుకుతాయేమోనని" అంది. ఎన్నడూ వణకని చేతులు అవి.

ఇంతవరకు రాసి ఆగిపోతే ఇది మనకు అలవాటైన కథే అవుతుంది. కానీ పిన్ని నోటుబుక్కులోని ఆ నాలుగు 'చే'ల పక్కన ఉన్న పల్లెటూరి ఆడవాళ్ళను ఏం చేయాలి?

1996కీ 2000కీ మధ్య హైదరాబాదులోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షచేసిన సర్వే ఒకటుంది. నూటికి దాదాపు ఇద్దరు అంధులని తేలింది. అందులో ఎక్కువ కారణం శుక్లమే. అంధత్వం బీదల్లో, పల్లెల్లో, ఆడవాళ్ళలో ఎక్కువగా ఉంది. ప్రపంచమంతా చూసినా అంతే, 2020 లెక్కల్లో చూపు దెబ్బతిన్నవాళ్ళలో 55 శాతం స్త్రీలు. ముసలామె ఆపరేషన్ చేయించుకోవాలంటే తోడు రావాలి, కూలి పోవాలి, "ఈ వయసులో నీకెందుకు చూపు" అనే కొడుకు ఒప్పుకోవాలి. అన్నీ దాటి ఉచిత ఆసుపత్రి బల్లమీదికి వచ్చిన ఆ కన్నే నేర్చుకునేవాళ్ళకి కేసు. డబ్బు కట్టినవాళ్ళ కంటికి కన్సల్టెంటు, కట్టలేనివాళ్ళ కంటికి విద్యార్థి. నేను పెన్షనర్ల ఆరోగ్యపథకం కింద వెళ్ళాను కాబట్టి మధ్యలో ఎక్కడో ఉన్నాను.

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో 1986లో ఒక శిబిరంలో శుక్లం ఆపరేషన్లు చేయించుకున్న 88 మందిలో 84 మంది కళ్ళు పోయాయి. కలుషితమైన ద్రవం కారణం. అందులో విద్యార్థుల తప్పేమీ లేదు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1989లో తీర్పు వచ్చింది. దాన్ని ఇక్కడ తలుచుకోవడం ఎందుకంటే, ఉచితంగా వచ్చే కంటిమీద ఈ దేశం ఎంత తేలిగ్గా చెయ్యి వేస్తుందో తెలియడానికి. మా పిన్నికి యాభై కేసులు రాలేదని బాధపడేటప్పుడు, ఆ యాభై ఎవరి కళ్ళు అని కూడా అడగాలి కదా. కోసే చేతుల్లో స్త్రీల వాటా అడగడం మన ఉద్యమానికి వచ్చు. బల్లమీద ఉన్న స్త్రీ తరఫున అడగడమూ వచ్చు. రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో ఎదురుపడితే ఎవరి పక్షమో నాకు వెంటనే తోచలేదు.

మా మేడమీద గదిలో అద్దెకుండే అమ్మాయి ఇక్కడ నాకు సాయపడింది. నీట్ పీజీకోసం ఏడాదిపాటు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదివింది. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి తయారయ్యే కుర్రాళ్ళ గుంపుల మధ్య, పొద్దున్నే వెళ్ళి సీటుకి సంచి వేసి. ఇప్పుడు ఎమ్మెస్ రెండో ఏడు. ఎక్కడన్నది చెప్పను. చిన్నకేసు నేర్చుకోవడం ఈరోజుల్లో ఎలా జరుగుతుందో మా వంటింటి బల్లమీద ఒక ద్రాక్షపండు పెట్టి చూపించింది.

ఒక ఆపరేషన్ మొత్తాన్ని ఒకేసారి ఎవరికీ ఇవ్వకూడదట. ముక్కలు చేస్తారు. సొరంగంలాంటి కోత, కటకపు సంచి ముందుపొరను గుండ్రంగా చించడం, లోపలి గట్టిముద్దను వదులుచేసి తీయడం, మిగిలిన పీచును కడగడం, కొత్త కటకం పెట్టడం. అన్నిటికంటే కష్టం ఆ గుండ్రంగా చించడం. కాగితం కన్నా పలచని పొర, ఒక్కసారి అంచుకు పరిగెత్తిందా ఇక ఆగదు. అందుకని మంచి గురువు చివరి మెట్టునుంచి మొదలుపెట్టి వెనక్కి నేర్పిస్తుంది. ముందు మేకకళ్ళమీద. తెల్లారే మటన్ కొట్టుకెళ్ళి ఆరు కళ్ళు తెచ్చుకుంటుందట ఈ శాకాహారపు పిల్ల. కొన్నిచోట్ల యంత్రాలున్నాయి, వాటిలో కన్ను పాడయితే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాతే మనిషి కన్ను, అదీ పక్క మైక్రోస్కోపులోంచి గురువు చూస్తుండగా. ఈ వరస సరిగా పాటిస్తే రోగికి ప్రమాదం పెద్దగా పెరగదు. ఇష్టమున్నవాడికి ఇచ్చి, లేనివాళ్ళకి ఇవ్వకపోవడానికీ సందు తగ్గుతుంది. రోగి న్యాయమూ విద్యార్థిని న్యాయమూ ఎదురెదురుగా ఉన్నాయని నేను అనుకున్నది, ఏ వరసా లేని, దయమీద నడిచే పాతపద్ధతిని దృష్టిలో పెట్టుకుని.

"మరి నీకు కేసులిస్తున్నారా?" అన్నాను.

"ఇస్తున్నారు ఆంటీ. అబ్బాయిలు అడుగుతారు, మేం ఇచ్చేదాకా ఆగుతాం. అడిగితే తొందరెక్కువ అంటారు. అడక్కపోతే ఇంటరెస్ట్ లేదంటారు." స్టూలు ఎత్తు మొదలు అన్నీ ముందు కూర్చున్న పొడుగాటి సీనియరుకి సరిపెట్టి ఉంటాయని, ఫాకో పెడలు అందేలా జరుపుకునేసరికే "టైము తీసుకుంటోంది" అంటారని కూడా చెప్పింది. ఇవి ఏ విచారణ కమిటీకీ ఫిర్యాదుగా రాయగలిగే విషయాలు కావు.

నైట్ డ్యూటీ గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. 2024 ఆగస్టు 9న కలకత్తాలో ఒక పీజీ డాక్టరు, రాత్రంతా డ్యూటీ చేసి సెమినార్ గదిలో నడుం వాల్చిన అమ్మాయి, అత్యాచారానికీ హత్యకీ గురైంది. మన జూనియర్ డాక్టర్లూ విధులు మానేసి బయటికొచ్చారు. ఈ అమ్మాయీ వెళ్ళింది. రెసిడెంట్ అంటే ఆసుపత్రిలో నివసించేవాళ్ళు అని నూటముప్ఫై ఏళ్ళ క్రితం ఎవరో పేరు పెట్టారు. ఆడరెసిడెంటుకి తలుపుకి గడియ ఉన్న గది ఉందా అన్నది పోయినేడు మా మేడమీద గదిలో పిల్లల మాటల్లో ఇంకా ప్రశ్నగానే ఉంది. "రాత్రి ఎక్కడ పడుకుంటావ్" అని మా పిన్నిని 1970ల్లో అడిగినవాళ్ళు ఆమెను జీపెక్కనివ్వలేదు. ఇప్పుడు ఎక్కనిస్తున్నారు. ప్రశ్నకి జవాబు మాత్రం ఆ అమ్మాయిలనే వెతుక్కోమంటున్నారు.

పిన్నివంటి రెండేళ్ళ డిప్లొమా సీట్లు మెడికల్ కాలేజీల్లో చాలావరకు మూడేళ్ళ డిగ్రీలుగా మారిపోయాయి. 2020లో నేషనల్ బోర్డు మళ్ళీ రెండేళ్ళ డిప్లొమాలు మొదలుపెట్టింది, వాటిలో కంటివైద్యమూ ఉంది. తెలంగాణలో 2018లో, మళ్ళీ 2023లో కంటివెలుగు పేరుతో ఊరూరా కళ్ళు చూసి అద్దాలిచ్చారు. ఆ వార్తలు పేపర్లో చూసి పిన్ని నవ్వింది. "నేను ముప్ఫై ఏళ్ళు అదే చేశానే, పథకమని తెలీక" అంది. ఆ పనిని నేనెప్పుడూ చిన్నపనిగా చూశానని ఆ నవ్వుతో తెలిసింది. పవరు సరిగా చూస్తే తీరే అంధత్వం ఆ పదివేలమంది సర్వేలో శుక్లం తర్వాతి స్థానంలో ఉంది. కత్తి పట్టడమే వైద్యమని మగసర్జన్లతోపాటు నేనూ అనుకుంటూ వచ్చాను, స్త్రీవాదినని చెప్పుకుంటూనే. పిన్నికి అన్యాయం జరిగింది. ఆమె చేసిన పని తక్కువదేమీ కాదు. ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన రాయడానికి నాకింత కాలం పట్టింది.

వారం తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జనుని అడిగాను, ఆరోజు నా కంట్లో ఎవరు చేశారని. ఆవిడ కొంచెం తడబడి, పక్కనున్న అమ్మాయిని చూపించింది. ఇరవయ్యారో ఇరవయ్యేడో ఉంటాయి. కటకం పెట్టింది ఆ అమ్మాయేనట. "చెప్పాల్సిందమ్మా, సారీ" అంది సర్జను. చెబితే నేను ఒప్పుకునేదాన్నో లేదో నాకు తెలియదు, ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆ అమ్మాయి తలొంచుకుని నా ఫైల్లో ఏదో రాస్తోంది.

ఇంటికొచ్చాక పిన్ని తన పాత టార్చితో నా కన్ను చూసింది. రెప్ప పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చూసింది.

"బాగా కూర్చుంది. ఆ పిల్ల ఏం రాసుకుందో అడిగావా, 'చే'నా, 'సా'నా?"

అడగలేదన్నాను. ఎడమకంటికి వచ్చేనెల తేదీ ఇచ్చారు. ఈసారి ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో 'నేర్చుకునేవాళ్ళు పాల్గొనవచ్చు' అని ఒక వాక్యం తెలుగులో చేర్చమని ఉత్తరం రాసి ఇచ్చాను. పిన్ని నాతోపాటు వస్తానంటోంది. థియేటర్లోకి రానివ్వరని చెప్పాను. బయట కూర్చుంటానంది.